పాత తెరచాప పడవకు నిచ్చెన

నాకు ఈత వచ్చును. అయినను ఒకనాడు నా పాత తెరచాప పడవనుండి జారి నీటబడి, చేతికందు దూరముననే యున్న దానిని ఎక్కలేకపోతిని. నిచ్చెన యుండెను, కాని దాని క్రింది మెట్టు నీటిమట్టముననే ముగిసెను. కాలూనుటకు చోటు లేదు. తడిసిన బట్టలు క్రిందికి లాగుచుండెను. తోడివాడు చేయిచ్చినందున బ్రతికితిని.

మన దిగుడుబావి మెట్లు నీటి యంచున ఆగవు, లోపలికిని పోవును. పడవ నిచ్చెనయు నట్లే 2 అడుగులైనను నీటిలోనికి దిగవలెను. పరుల సాయము లేకయే నీటిలోనున్నవానికి అందవలెను. 2013 నాటి ఐరోపా సమాఖ్య విహారనౌకల శాసనము కోరునదియు నిదియే.

ఇక బిగించుట. పాత ఫైబర్‌గ్లాసు పడవలు పెక్కింటిలో రెండు పొరల నడుమ కొయ్య యుండును. రంధ్రముగుండ నీరు చేరినచో అది చీకిపోవును. కావున రంధ్రమును పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, గట్టిపడిన పిదప నడుమ మరల తొలువవలెను. మరమేకులు చాలవు, లోపలివైపున పలక వేసి, తుప్పుపట్టని ఉక్కు బోల్టులతో బిగింపవలెను.

తుదకు, ఒడ్డు దగ్గర, తోడు నుంచుకొని, కట్టుబట్టలతో నీట దిగి ఎక్కి చూడుడు. నిచ్చెనను పరీక్షించుటకు ఆపద వచ్చిన దినము తగినది కాదు.