తిరిగి రాని చేదలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రైతుల భూమి రిజిస్ట్రేషను 2020లో ధరణి వెబ్‌సైటుకును, 2025లో భూభారతికిని మారినది. కార్యాలయమున తెర కదలక చక్రము తిరుగుచుండినచో రైతుకు ఒక దినపు కూలి పోవును. ఇట్టి నిలుపుదలకు కారణములు పెక్కు. ఆ వెబ్‌సైట్లకు ఇదే కారణమని నేననుట లేదు గాని, వానిలో కంటికి కానరానిది కనెక్షన్ల లీకు.

ప్రతి అభ్యర్థనకును వెబ్‌సైటు డేటాబేసునుండి ఒక కనెక్షనును అరువు తీసికొనును. ఇవి పరిమితములు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మామూలు అమరికలో 100 మాత్రమే. చేదబావికి పది చేదలున్నవనుకొనుడు. తోడుకొన్నవారు చేదను ఇంటికి కొనిపోయినచో, పదునొకండవవాడు నిండు బావి ఒడ్డున దాహముతో నిలుచును. లీకు అను పేరు అంత సరియైనది కాదు. కారునదేదియు లేదు, తిరిగి రానిదే కలదు.

ప్రోగ్రాము నడుమ తప్పు దొరలినచో, కనెక్షనును తిరిగి ఇచ్చు వాక్యము వరకు అది చేరకపోవచ్చును. సర్వరును ఆపి నడిపినచో బాగగును, మరల చెడును. కనెక్షన్ల సంఖ్య పెంచుటయు వాయిదాయే. పని ముగిసినను, చెడినను కనెక్షను మరలునట్లు వ్రాయవలెను. 2011లో వచ్చిన జావా 7 ఇందులకు ప్రత్యేకమైన వాక్యరూపమును కల్పించినది. పరీక్ష తేలిక: కనెక్షన్లు పది యున్నచో, కావలెనని పదిమారులు తప్పును కల్పింపుడు. పదునొకండవ అభ్యర్థనకు జవాబు రాకున్న, లీకున్నట్లే.