ఒక మూస – వేయి పుటలు

ప్రభుత్వరంగ సంస్థలలో ఒకప్పుడు కాగితం మీద సాగిన పనులనేకం నేడు వెబ్ పుటల మీదికి మారినవి. సెలవు దరఖాస్తు, వైద్య ఖర్చుల బిల్లు, టెండరు పత్రం – వీటన్నింటిలోనూ పేరు వ్రాసే గడి, తేదీని ఎంచుకొనే గడి, ‘సమర్పించండి’ అనే బటన్ ఉంటాయి. ఈ చిన్న భాగాలను ప్రతి పుటకూ విడివిడిగా తయారుచేయాలా? లేక ఒకసారి శ్రద్ధగా తయారుచేసి అన్ని చోట్లా వాడుకోవాలా? ప్రశ్న చిన్నదిగానే కనిపించవచ్చు. కాని చూపు మందగించిన ఒక విశ్రాంత ఉద్యోగి తన బిల్లును ఇతరుల సాయం లేకుండా పంపుకోగలగడం దీనిపై ఆధారపడి ఉన్నది.

ఒకసారి చేసి పలుమార్లు వాడుకొనే ఇటువంటి భాగాన్ని ప్రోగ్రామర్లు ‘కాంపొనెంట్’ అని వ్యవహరిస్తారు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యాన జరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, కర్మాగారాలలో విడిభాగాల వలెనే ప్రోగ్రాముల భాగాలు కూడా తయారు కావాలని ప్రతిపాదించారు. 2013లో ఫేస్‌బుక్ సంస్థ అందరికీ అందుబాటులోకి తెచ్చిన రియాక్ట్, 2014లో వెలువడిన వ్యూ, 2016లో వచ్చిన ఆంగ్యులర్ రెండవ రూపం ఈ ఆలోచనను వెబ్ పుటల నిర్మాణంలో నిత్యవ్యవహారంగా మార్చినవి.

హుగ్లీ తీరపు పాఠం

ఈ పద్ధతిలోని మర్మాన్ని గ్రహించడానికి కోల్‌కతా పరిసరాలలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. నగరానికి ఉత్తరాన, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్‌లో 1800లో మిషన్ ముద్రణాలయం వెలసినది. బెంగాలీ అచ్చు అక్షరాల రూపకర్తగా ప్రసిద్ధుడైన పంచానన్ కర్మకార్ అక్కడ పనిచేశారు. ఆనాటి పద్ధతి ప్రకారం, ముందుగా ఉక్కు కడ్డీ కొనపై అక్షరాన్ని చెక్కేవారు. దానిని పంచ్ అంటారు. ఆ పంచ్‌ను రాగి దిమ్మెపై కొట్టగా మూస ఏర్పడేది. ఆ మూసలో కరిగిన లోహాన్ని పోసి కావలసినన్ని అక్షరాలు తీసేవారు.

1812 మార్చి 11న ఆ ముద్రణాలయం అగ్నిప్రమాదానికి గురైనది. కాగితం నిల్వలు, వ్రాతప్రతులు దగ్ధమైనవి. పలు భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దలైనవి. అయితే పంచ్‌లు, మూసలు శిథిలాల నుండి దక్కినవి. అందుచేత కరిగిన లోహాన్నే మరల పోతపోసి, కొద్ది నెలలలోనే ముద్రణ సాగించగలిగారు. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లో అక్కడనే అచ్చయినది.

కాంపొనెంట్ మూస వంటిది. తెరపై కనిపించే గడులు దాని నుండి తీసిన అక్షరాల వంటివి. మూసలో దోషముంటే అది ప్రతి పుటకూ పాకుతుంది. అచ్చయిన పుస్తకంలోని తప్పును ఇక దిద్దలేము. వెబ్ పుటల విషయంలో మాత్రం మూలాన్ని దిద్ది, దానిని వాడే పుటలను పునర్నిర్మిస్తే సవరణ అన్నింటికీ చేరుతుంది.

పాటించవలసిన నియమాలు

మొదటిది, కాంపొనెంట్ తన పని మాత్రమే తెలిసి ఉండాలి. తేదీ గడికి దాని శీర్షిక, అనుమతించే తొలి, తుది తేదీలు బయటి నుండి అందాలి. ఎంచుకొన్న తేదీని అది తిరిగి బయటికి తెలపాలి. ఆ తేదీ సెలవుకు సంబంధించినదా, వైద్య బిల్లుకు సంబంధించినదా అనే విచారణ దానికి అనవసరం. ‘సెలవు పుట అయితే ఇలా, బిల్లు పుట అయితే అలా’ అనే షరతులు లోపల చేరిన నాడు అది మరొక చోట వాడుకకు పనికిరాదు.

రెండవది, భాషను లోపల బిగించరాదు. బెంగాలీలో ‘జమా దిన్’ అనే రెండు చిన్న మాటలు సరిపోయే చోట, తెలుగులో ‘దరఖాస్తును సమర్పించండి’ అని వ్రాయవలసి రావచ్చు. వెడల్పు స్థిరంగా ఉంటే మాట తెగిపోతుంది. ఆంగ్లాక్షరాల కొలతతో ఎత్తును నిర్ణయిస్తే ‘స్త్రీ’ వంటి అక్షరంలో పైన గుడి, క్రింద వత్తులు కత్తిరింపునకు గురవుతాయి. కనుక బటన్ తనలోని మాటను బట్టి పెరిగేటట్లు ఉండాలి.

మూడవది, అందరికీ అందుబాటు. మౌస్ లేకుండా కీబోర్డుతోనే గడి నుండి గడికి సాగగలగాలి. ఏ గడిలో ఉన్నామో స్పష్టంగా కనిపించాలి. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ప్రతి గడి పేరు తెలియాలి. సాధారణ పరిమాణపు అక్షరాలకు, వాటి వెనుకనున్న రంగుకు నడుమ కాంతి వ్యత్యాసం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతున్నది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదలై, 2023లో మూడవ రూపాన్ని సంతరించుకొన్నవి. ఈ బాధ్యతను ప్రతి పుటలో వేరువేరుగా నెరవేర్చడం కష్టసాధ్యం. కాంపొనెంట్‌లో ఒకసారి నెరవేరిస్తే, దానిని వాడే ప్రతి పుటకూ ఆ ఫలం చాలామటుకు సమకూరుతుంది.

ఇందులో అత్యుత్సాహమూ తగదు. రెండు పుటలలో పోలిక కనిపించిన వెంటనే ఉమ్మడి భాగాన్ని చేయరాదు. నేడు ఒకే తీరున ఉన్నవి రేపు వేరు దారులు పట్టవచ్చు. మూడవ చోట కూడా అదే అవసరం ఏర్పడినప్పుడు పూనుకొనడం మేలు.

చివరిగా ఒక్క మనవి. ఇటువంటి పనులు తరచు బయటి సంస్థలకు గుత్తకు ఇవ్వబడతాయి. గడువు ముగిసి వారు వెళ్లిన తరువాత మన చేతిలో కేవలం పనిచేసే పుటలు మాత్రమే మిగిలితే, అవి మూస లేని అక్షరాల వంటివే. అరిగిపోయినప్పుడు తిరిగి పోతపోసుకొనే దారి ఉండదు. కాబట్టి కాంపొనెంట్ల మూల ప్రోగ్రామును, వాటి వాడుకను వివరించే పత్రాలను, పరీక్షలను సంస్థకు అప్పగించాలనే షరతు ఒప్పందంలోనే ఉండాలి. వాటి సంరక్షణకు సంస్థలోనే ఒక ఉద్యోగి బాధ్యత వహించాలి. శ్రీరాంపూర్‌లో పంచ్‌లు, మూసలు చేతిలో ఉన్నందుననే అక్షరాలు తిరిగి లేచినవి. సంబంధిత విభాగాలు ఈ విషయమై శ్రద్ధ వహిస్తాయని ఆశిస్తున్నాము.