మెదక్ కోట, మెదక్ చర్చి

మెదక్ కోట, మెదక్ చర్చి తెలంగాణ రాష్ట్రములోని మెదక్ పట్టణములో ఉన్న రెండు చారిత్రక కట్టడములు. కోట కాకతీయుల కాలమునకు చెందినదిగా ప్రసిద్ధి పొందినది. చర్చి 20వ శతాబ్దపు తొలి భాగములో నిర్మించబడినది. ఈ రెంటి మధ్య దాదాపు ఆరు వందల సంవత్సరముల అంతరమున్నది. ఒకటి రాజ్యరక్షణ కొరకు గుట్టపై కట్టినది కాగా, రెండవది కరువు రోజులలో కూలీల శ్రమతో మైదానములో లేచినది. ఒకే రోజులో రెండింటినీ దర్శించుటకు వీలున్నందున యాత్రికులు సాధారణముగా రెంటినీ కలిపి చూస్తారు.

పేరు

మెదక్ ప్రాంతమునకు "మెతుకు సీమ" అనే పేరున్నది. కోటకు పూర్వనామము మెతుకుదుర్గము. మెతుకు అనగా వండిన అన్నపు గింజ. ఈ మాటయే కాలక్రమమున మెదక్ గా మారినదని చెబుతారు. గోల్కొండ కాలములో ఈ ఊరిని గుల్షనాబాద్ అని కూడా పిలిచేవారు. ఆ పేరుకు పూలతోట వంటి ఊరు అని అర్థము.

కోట

కోటను కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుని కాలములో నిర్మించారని ప్రతీతి. కొన్ని పుస్తకాలలో ఇది 12వ శతాబ్దపు కట్టడమని వ్రాసి ఉన్నది. అయితే చివరి కాకతీయ పాలకుడైన ప్రతాపరుద్రుడు 1289 నుండి 1323 వరకు పాలించాడు. కనుక అతని పేరుతో చెప్పినప్పుడు 13వ శతాబ్దాంతము లేదా 14వ శతాబ్దారంభము అనుట సమంజసము.

గుట్ట ఎత్తును, అక్కడి సహజమైన బండరాళ్ళను ఆసరాగా చేసుకొని ప్రాకారములను నిర్మించారు. అందువలన కొన్ని చోట్ల గోడ ఎక్కడ ముగిసి బండ ఎక్కడ మొదలైనదో గుర్తించుట కష్టము. పైకి వెళ్ళు మార్గములో మూడు ముఖ్య ద్వారములు ఉన్నవి. మొదటిది ప్రథమ ద్వారము. రెండవది సింహ ద్వారము. దానిపై సింహముల శిల్పములు చూడవచ్చును. మూడవది గజ ద్వారము; దానికి ఇరువైపులా ఏనుగుల శిల్పములు ఉన్నవి. కోట ద్వారముపై రెండు తలల గండభేరుండ పక్షి చిహ్నము కూడా కనిపిస్తుంది.

కాకతీయుల తరువాత ఈ కోట బహమనీ సుల్తానుల, ఆ పిమ్మట కుతుబ్ షాహీల ఆధీనములోనికి వచ్చినది. కుతుబ్ షాహీల కాలములో 17వ శతాబ్దమున కోటలో ఒక మసీదును, ధాన్యాగారములను నిర్మించారు. ముబారక్ మహల్ అనే భవనము, సుమారు 3.2 మీటర్ల పొడవు గల పాత ఫిరంగి కూడా ఇక్కడ ఉన్నవి. గుట్టపైకి ధాన్యము చేర్చి నిలువ చేసుకొనుట ముట్టడికి తట్టుకొనుటకు అవసరము. మెతుకుదుర్గమనే పేరుగల కోటలో ధాన్యాగారములు ఉండుట ఇక్కడి విశేషము.

చర్చి

చర్చి నిర్మాణమునకు మూలపురుషుడు చార్లెస్ వాకర్ పాస్నెట్. ఇంగ్లండునకు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ అయిన ఈయన 1895లో సికింద్రాబాదు వచ్చి, తిరుమలగిరిలోని బ్రిటీషు సైనికుల మధ్య కొంతకాలము పనిచేశాడు. తరువాత మెదక్ చేరి స్థిరపడ్డాడు. అప్పటికి ఇక్కడి ఆరాధన స్థలము ఒక చిన్న పాక మాత్రమే. ఆ రోజులలో సికింద్రాబాదు నుండి మెదక్ కు గుర్రముపై రెండు రోజుల ప్రయాణము.

చర్చి పనులు 1914లో ప్రారంభమై పది సంవత్సరములు సాగినవి. ఇది మొదటి ప్రపంచ యుద్ధము, కరువు, అంటువ్యాధుల కాలము. ఉచితముగా అన్నము పంచుటకు బదులు పని కల్పించి, ఆ పనికి ప్రతిఫలముగా తిండి పెట్టుట మంచిదని పాస్నెట్ తలచినట్లు చెబుతారు. చుట్టుపక్కల గ్రామముల నుండి వేలాది కూలీలు వచ్చి రాళ్ళు మోసి, చెక్కి తమ కుటుంబములను పోషించుకున్నారు. తరువాతి కాలములో ప్రభుత్వములు చేపట్టిన "పనికి ఆహారము" వంటి పథకములలోనూ ఇదే సూత్రము కనిపిస్తుంది. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు.

నిర్మాణ విశేషములు

బ్రిటను, ఐర్లండు దేశములలో 19వ శతాబ్దమున బాగా వ్యాపించిన గోథిక్ పునరుద్ధరణ శైలిలో ఈ చర్చి ఉన్నది. దీని వాస్తుశిల్పి థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్. భవనము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు కలిగి ఉన్నది. ఒకేసారి సుమారు 5,000 మంది కూర్చొనవచ్చును. గంటల గోపురము ఎత్తు 175 అడుగులు. నేలపై పరచిన రంగుల పలకలను విదేశముల నుండి తెప్పించారు.

చర్చిలో అందరినీ ఆకర్షించేవి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. బ్రిటీషు రాజకుటుంబీకుల చిత్రపటములకు ప్రసిద్ధుడైన లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటిని రూపొందించాడు. క్రీస్తు పరలోకారోహణమును చూపు ఉత్తరపు కిటికీని 1927లో, జననమును చూపు పడమటి కిటికీని 1947లో, సిలువ ఘట్టమును చూపు తూర్పు కిటికీని 1958లో అమర్చారు. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కలిపి ఇటువంటి కిటికీలను తయారు చేస్తారు. బయటి వెలుతురు గాజు గుండా లోనికి వచ్చినప్పుడే బొమ్మలు స్పష్టమగును. కావున వీటిని పగటిపూట, లోపలి నుండి చూడవలెను.

1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత ఈ చర్చి మెదక్ అధ్యక్ష మండలానికి కేథడ్రల్ అయినది. 2024 డిసెంబరుతో దీనికి వంద సంవత్సరములు నిండినవి.

ప్రచారములో ఉన్న కథలు

గోపురము చార్మినారు కంటే ఎత్తవుతుందని తెలిసి నిజాము దానిని తగ్గించమని కోరాడని ఒక కథ ఉన్నది. నిర్మాణ కాలములో పాలకుడు 1911లో రాజ్యమునకు వచ్చిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అయితే 175 అడుగులు అనగా సుమారు 53 మీటర్లు. చార్మినారు ఎత్తు సుమారు 56 మీటర్లు. కనుక చార్మినారే కొంచెము ఎత్తైనది. అలాగే వాటికను తరువాత ఇదే పెద్దదని చెప్పుట పరిపాటి. వాటికను రోమను కాథలిక్కుల కేంద్రము. మెదక్ చర్చి ప్రొటెస్టెంటు సంఘమునకు చెందినది. కనుక ఆ పోలిక సరైనది కాదు.

సందర్శన

మెదక్ పట్టణము హైదరాబాదు నుండి సుమారు 100 కిలోమీటర్ల దూరములో ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, బుగ్గారం వైపు నుండి వచ్చువారు కామారెడ్డి చేరుకొని, అక్కడి నుండి రామాయంపేట మీదుగా రావచ్చును. అక్కన్నపేట నుండి మెదక్ వరకు నిర్మించిన రైలు మార్గము 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది.

ఎండ ముదరక ముందే కోట ఎక్కి, తరువాత చర్చికి వెళ్ళుట సౌకర్యముగా ఉంటుంది. కోట పైనుండి పట్టణము, దాని మధ్య చర్చి గోపురము కనిపిస్తాయి. చర్చిలో నేటికీ ఆరాధనలు జరుగుచున్నవి. కనుక ఆ సమయములో మౌనము పాటించవలెను. క్రిస్మసు నాడు తెల్లవారుజాము నుండే వేలాది మంది, ఇతర మతముల వారు సైతము, ఇక్కడికి వస్తారు. కోటలో నివసించేవారు గాని పూజలు నడిపే సంఘము గాని లేనందున దాని భద్రత పురావస్తు శాఖతో పాటు సందర్శకులపై కూడా ఆధారపడి ఉన్నది. గోడలపై పేర్లు చెక్కుట వలన కలిగే నష్టమును తిరిగి పూడ్చుట సాధ్యము కాదు. సమీపములో మంజీర నది ఒడ్డున ఏడుపాయల వనదుర్గా భవాని ఆలయము, పోచారము అభయారణ్యము చూడదగినవి.