నిరీక్షణ అంటే ఊరికే ఎదురుచూడటమేనా?



"బాగవుతుందా డాక్టరుగారూ?" ఏలూరు నుండి వచ్చినా, తాడేపల్లిగూడెం నుండి వచ్చినా, కొల్లేటి లంకల నుండి వచ్చినా రోగులు మమ్మల్ని ముందు అడిగేది ఇదే. ఆ ప్రశ్నలో ఉన్నది ఆశ. మన తెలుగు బైబిలు దానిని నిరీక్షణ అంటుంది. వాడుకలో ఆ మాటకు ఎదురుచూడటం అని అర్థం. అయితే చేతులు కట్టుకుని కూర్చోమని లేఖనము చెప్పలేదు.

యిర్మీయా 32వ అధ్యాయం చదవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ప్రవక్త బందీగా ఉన్నాడు. అటువంటి రోజులలో ఆయన 17 తులముల వెండి తూచి యిచ్చి, సాక్షుల యెదుట అనాతోతులో పొలం కొన్నాడు. ఆ దేశంలో జనులు మరల పొలాలు కొంటారని దేవుడు చెప్పిన మాటను నమ్మి, ముందుగా తానే కొన్నాడు. నిరీక్షణ పనిలో కనబడుతుంది.

2020 డిసెంబరులో ఏలూరును అంతుచిక్కని జబ్బు పట్టుకుంది. ఆరు వందల మందికి పైగా ఫిట్స్, వాంతులు, తల తిరగడంతో బాధపడ్డారు. కారణం తేలకముందే లక్షణాలను బట్టి వైద్యం మొదలైంది. ఒకరు మరణించినా, ఎక్కువమంది కొద్ది రోజులలోనే ఇంటికి చేరారు.

మందులు మానవద్దు

"ప్రార్థన చేయించుకున్నాం, ఇక మాత్రలు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. యెషయా 38లో హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అదే అధ్యాయంలో అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమని ప్రవక్త చెప్పాడు.

టి.బి. మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. తగ్గిందని మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, ఇంటిలోని పిల్లలకూ సోకవచ్చు. ప్రభుత్వ కేంద్రాలలో ఈ మందులు ఉచితం. పోషకాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దానిని 1,000 చేశారు. షుగరు, బి.పి., ఫిట్స్ మందులు కూడా డాక్టరును అడగకుండా ఆపవద్దు.

స్వస్థత రానప్పుడు

అన్ని జబ్బులూ నయం కావు. పౌలు తన ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప తోడుగా నిలిచింది. హెబ్రీ 6:19 నిరీక్షణను లంగరుతో పోల్చింది. లంగరు వేసినంత మాత్రాన గాలివాన ఆగదు, పడవ మాత్రం కొట్టుకుపోదు. కాబట్టి మంచం పట్టిన వారితో "నీకు విశ్వాసం చాలలేదు" అనకండి. నొప్పి తగ్గించే మందు అందేలా చూడండి. ప్రక్కన కూర్చోండి. రాత్రంతా మేలుకొని ఉన్న ఇంటి ఇల్లాలిని కాసేపు పడుకోనివ్వండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ వీధిలోని ఒక రోగి ఇంటికి వెళ్లి, మాత్రలు వేసుకున్నారా అని అడిగి, చేయి పట్టుకుని ప్రార్థించి రండి. నిరీక్షణకర్తయగు దేవుడు మీ గృహములను కాపాడును గాక.