మీకు తెలుసా? రెండు చైనాలు చూసిన మన రాయబారి

చైనాలో విప్లవం గెలిచిన రోజుల్లో అక్కడ మన రాయబారి కేరళకు చెందిన చరిత్రకారుడు కె.ఎం. పణిక్కర్. 1949 ఏప్రిల్లో కమ్యూనిస్టు సేనలు యాంగ్జీ నది దాటి రాజధాని నాన్‌జింగ్‌లోకి వచ్చేశాయి. ఓడిన ప్రభుత్వం అప్పటికే కాంటన్ బాట పట్టింది. విడ్డూరం చూడండి, దాని వెంట వెళ్లింది సోవియట్ రాయబారి! అమెరికా, బ్రిటన్ రాయబారుల్లాగే పణిక్కర్ కూడా నాన్‌జింగ్‌లోనే ఉండిపోయారు. కొత్త పాలకుల లెక్కలో వీళ్లెవరూ రాయబారులు కారు, మామూలు విదేశీయులే.

1950లో ఆయనే మళ్లీ మావో ప్రభుత్వం దగ్గరికి రాయబారిగా బీజింగ్ వెళ్లారు. ఆ అక్టోబరు 2 అర్ధరాత్రి ఆయన్ని నిద్రలేపి మరీ పిలిపించారు ప్రధాని చౌ ఎన్‌లై. కొరియా యుద్ధంలో అమెరికా సేనలు ఉభయ కొరియాల మధ్య గీత అయిన 38వ అక్షాంశం దాటితే చైనా చూస్తూ ఊరుకోదని తేల్చి చెప్పారు. పణిక్కర్ ఢిల్లీకి తెలిపారు, కబురు వాషింగ్టన్‌కూ చేరింది. ఆయన కమ్యూనిస్టుల పక్షపాతి అని అక్కడివారికి అనుమానం. ఉత్త బెదిరింపేలే అనుకుని సేనల్ని ముందుకే నడిపారు. ఆ నెల 19న చైనా సైన్యం యాలూ నది దాటి కొరియాలోకి వచ్చేసింది.