మొబైల్ డేటా వేగ నియంత్రణ

మొబైల్ డేటా వేగ నియంత్రణ అనగా వినియోగదారుడు తన ప్లానులోని డేటా పరిమితిని వాడివేసిన తరువాత, సేవా సంస్థ కనెక్షనును ఆపివేయకుండా వేగాన్ని మాత్రం తగ్గించుట. దీనినే ఫెయిర్ యూసేజ్ పాలసీ అని కూడా అంటారు. 'అన్‌లిమిటెడ్' అని ప్రకటించే ఇటువంటి ప్లానులలో హద్దు లేనిది డేటాకే గాని వేగానికి కాదు.

వేగం ఎంతకు తగ్గుతుంది

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన తరువాత రోజువారీ పరిమితి గల ప్లానులు సర్వసాధారణమయ్యాయి. 2017 జనవరి నుండి ఆ సంస్థ ఉచిత పథకంలో రోజుకు 1 జీబీ దాటితే వేగం 128 కేబీపీఎస్‌కు తగ్గేది. తరువాత వచ్చిన అనేక ప్లానులలో ఇది 64 కేబీపీఎస్ మాత్రమే. ఈ కొలత బిట్లలో ఉంటుంది, ఫైళ్ళ పరిమాణం బైట్లలో ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. 8 బిట్లు ఒక బైటు గనుక 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు. పరిమితి అయిపోయిన రాత్రి ఒక విద్యార్థి 1 ఎంబీ హాల్ టికెట్టును దించుకొనుటకు రెండు నిమిషాలకు పైగా, 5 ఎంబీ ప్రశ్నపత్రానికి పది నిమిషాలకు పైగా పడుతుంది. ఉద్దానం నుండి వలస వెళ్ళినవారు ఇంటికి పంపే సందేశం చేరుతుంది గాని వీడియో కాల్ నిలవదు.

భారత ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 2004లో 256 కేబీపీఎస్‌గా, 2013లో 512గా, 2023లో 2 ఎంబీపీఎస్‌గా నిర్వచించింది. 64 కేబీపీఎస్ ఇందులో ముప్పయ్యో వంతు కూడా కాదు.

తెరపై కనిపించే గుర్తులు

ఫోను తెరపై కనిపించే ఇ, హెచ్, 4జీ, 5జీ గుర్తులు సాంకేతికతను సూచిస్తాయి, వేగాన్ని కాదు. వేగం తగ్గించిన తరువాత కూడా 4జీ గుర్తు అలాగే ఉంటుంది. అసలు 4జీ అనే పేరే వివాదాస్పదం. కదులుతున్నప్పుడు 100 ఎంబీపీఎస్, నిలకడగా ఉన్నప్పుడు 1 జీబీపీఎస్ ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం పెట్టగా, తొలి ఎల్‌టీఈ దానిని అందుకోలేదు. అయినా 2010 డిసెంబరులో ఆ పేరు వాడుకను సంఘం అంగీకరించింది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2019లో 4జీ ఫోన్లపైనే '5జీ ఇ' అని చూపి విమర్శల పాలైంది. అన్‌లిమిటెడ్ ప్లానులలో వేగం తగ్గించిన కేసులో అదే సంవత్సరం 6 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది.

వేగం తగ్గిన ప్రతిసారీ కారణం నియంత్రణే కాదు. సీతంపేట, కురుపాం వంటి ఏజెన్సీ ప్రాంతాలలో (2022 నుండి ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నవి) కొండలు అడ్డుపడి సిగ్నల్ బలహీనపడుతుంది. ఇచ్ఛాపురం వద్ద సరిహద్దు గ్రామాలలో ఫోను ఒడిశా సర్కిలు టవరును పట్టుకోవచ్చు. పరిమితి మిగిలి ఉండగా నెమ్మదిస్తే రద్దీనో సిగ్నల్‌నో అనుమానించాలి. మరునాడు పరిమితి తిరిగి రాగానే సరియైనచో అది నియంత్రణే.

నియమాలు

ట్రాయ్ 2016 అక్టోబరు 31న ఇచ్చిన ఆదేశం ప్రకారం డేటా పరిమితి ఎంత, అది దాటాక వేగం ఎంత అనేవి సంస్థలు స్పష్టంగా తెలపాలి. పరిమితి దాటాక కూడా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో 512 కేబీపీఎస్ కంటె తగ్గించరాదన్న ఆ ఆదేశం, మొబైల్‌కు మాత్రం అట్టి కనీస హద్దు పెట్టలేదు. 2024 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన సేవా నాణ్యత నిబంధనలు, ఏ ప్రాంతంలో 2జీ, 3జీ, 4జీ, 5జీలలో ఏది అందునో తెలిపే పటాలను వెబ్‌సైట్లలో ఉంచవలెనని సంస్థలను ఆదేశించాయి.