ఇల్లు ఇస్తామంటే... గట్టు తెంచేశారు!

‘ఇల్లు కట్టి చూడు... పెళ్లి చేసి చూడు’ అంటారు మన పెద్దలు. ఈజిప్టుకు చెందిన హసన్ ఫాతీ ఏకంగా ఊరే కట్టి చూశారు. తీరా చేసి, అందులోకి రమ్మంటే జనం ససేమిరా అన్నారు!

లక్సర్ పట్టణానికి ఎదురుగా, నైలు నదికి పడమటి వైపున బోడి కొండలుంటాయి. ఆవలంతా ఎడారే. వేల ఏళ్లనాటి ప్రభువుల సమాధులు ఆ కొండల్లో వందలకొద్దీ ఉన్నాయి. గుర్నా ఊరి ఇళ్లు సరిగ్గా వాటి మీదే వెలిశాయి. కొందరికైతే సమాధే వెనక గది! వచ్చే పోయే పర్యాటకులకు దారి చూపడం, బొమ్మలు చెక్కి అమ్మడం, తవ్వకాల్లో కూలికెళ్లడం... ఇవే బతుకుతెరువు. సమాధుల్లోని పురాతన వస్తువులను దొంగచాటుగా అమ్ముకునేవారూ ఉండేవారు.

1940ల్లో ఓ సమాధి గోడ మీది చెక్కడం మాయమైంది. ఇక లాభం లేదనుకున్న ప్రభుత్వం మొత్తం ఊరినే కొండ దింపాలనుకుంది. సుమారు ఏడు వేల మందికి కొత్త ఊరు కట్టే పని 1945లో ఫాతీకి అప్పగించింది.

యుద్ధంవల్ల అప్పట్లో ఇనుము, కలప కరవు. అందుకని ఆయన మట్టినే నమ్ముకున్నారు. అస్వాన్ ప్రాంతం నుంచి నూబియా మేస్త్రీలను పిలిపించారు. సెంట్రింగ్ చెక్కలేమీ లేకుండానే పచ్చి ఇటుకలతో కప్పు వేసేయడం వాళ్లకు తాతముత్తాతల నుంచీ వచ్చిన విద్య. మందపాటి మట్టిగోడలు పగటి వేడిని ఓ పట్టాన లోపలికి రానివ్వవు. ఇంటి మధ్యలో ముంగిలి, పైన పావురాల గూళ్లు. ఊరికి మసీదు, బజారు, నాటకశాల. బడి గదుల్లోకైతే తడి బొగ్గుల మీదుగా చల్లగాలి వచ్చే ఏర్పాటు!

మరి ఎందుకు రానన్నట్లు?

కొండ దిగితే పర్యాటకులెక్కడ? రాబడెక్కడ? ఇళ్ల మీది గుమ్మటాలూ నచ్చలేదు. అవి సమాధులకుండే కప్పులాయె! చివరికి వరద నీటిని ఆపే గట్టునే కొందరు తెంచేశారు. కొత్త ఊళ్లోకి నీళ్లొచ్చాయి. 1940లు ముగిసేలోపే పని ఆగిపోయింది. పూర్తయింది ఊళ్లో కొంత భాగమే.

ఆ ఓటమినే ఫాతీ పుస్తకంగా రాశారు. అది 1973లో అమెరికాలో ‘ఆర్కిటెక్చర్ ఫర్ ది పూర్’ పేరుతో వెలువడింది. కట్టడాల మీద ఆసక్తి ఉన్నవారు ప్రపంచమంతటా చదివారు. ‘ప్రత్యామ్నాయ నోబెల్’గా చెప్పుకునే రైట్ లైవ్లీహుడ్ పురస్కారం 1980లో తొలిసారి ఇచ్చినప్పుడు అందుకున్నవారిలో ఆయనా ఒకరు. 1989లో కన్నుమూశారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2006లో బుల్డోజర్లు కొండెక్కాయి. తర్వాతి కొన్నేళ్లలో పాత గుర్నా దాదాపు నేలమట్టమైంది. జనాన్ని దూరంగా కట్టిన కాంక్రీటు ఇళ్లకు తరలించారు. నల్లా నీళ్లు, కరెంటు ఉన్నాయని సంతోషించినవాళ్లున్నారు. గడప దాటితే పర్యాటకులు ఎదురయ్యే రోజులు పోయాయని దిగులుపడ్డవాళ్లూ ఉన్నారు.

ఇక ఫాతీ కట్టిన ఊరు? కాలక్రమంలో అక్కడా జనం చేరారు. సంసారాలు పెరిగేకొద్దీ మట్టి ఇళ్లు చాలావరకూ పడగొట్టి కాంక్రీటు మేడలు వేసుకున్నారు. మసీదు నిలిచే ఉంది. మిగిలిన కట్టడాలను కాపాడే పనిలో యునెస్కో కూడా చేయి కలిపింది.

ఎండకు తట్టుకునే ఇల్లెలా కట్టాలో ఫాతీకి బాగా తెలుసు. కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే దగ్గర్లో పని కూడా దొరకాలి. గుర్నా వాళ్లు పట్టుబట్టింది దాని కోసమే!